మీరడిగారు: ట్రిప్లికేన్‌లో ఆ అద్దె ఇల్లు

ప్రశ్న: వచ్చే నెల మా అత్తయ్య కంటి చెకప్ కోసం తిరుపతి నుంచి చెన్నై పోతున్నాం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి ఉన్న ఇంటిని ట్రిప్లికేన్‌లో అలాగే ఉంచారని ఎక్కడో విని, చూపించమని ఒకటే గోల. మా ఆయనేమో "ఎవరో అద్దెకున్న ఇంట్లో చూసేదేముంది, ఆ టైములో టీ నగర్ పోయొద్దాం" అంటారు. పాపం భారతిని గుడి ఏనుగు తొక్కి చంపేసిందట కదా? వెళ్ళమంటారా, వద్దంటారా?
(ఒక గృహిణి, బైరాగిపట్టెడ, తిరుపతి)

జవాబు: వెళ్ళండమ్మా, టీ నగర్ ఎక్కడికీ పోదు. అయితే మీవారి మాట కొట్టిపారేసేది కూడా కాదు. అది నిజంగానే అద్దె ఇల్లే, పైగా భారతి అక్కడున్నది చివరి రోజుల్లో, అదీ కొద్దికాలమే. తమిళనాడు ప్రభుత్వం తర్వాత దాన్ని స్మారకంగా మార్చింది. రాజుల మ్యూజియంలా కత్తులూ సింహాసనాలూ ఉంటాయనుకుని పోతే పది నిమిషాల్లో బయటికొచ్చేస్తారు. గోడలకు ఫొటోలు, ఆయన చేతిరాత, ఆయన గురించిన రాతలు, అంతే. నేను వెళ్ళినరోజు ఒక కుర్రాడు భారతి ఫొటో పక్కన నిలబడి మీసం మెలేసి సెల్ఫీ తీసుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు. అందుకే చెప్తున్నా, ఆ ఇంటికి పోయే ముందు మీ అబ్బాయికి కాస్త కథ తెలిసుండాలి.

ఆ కథ ఇది. ఎట్టయపురంలో 1882లో పుట్టిన మనిషి, ఇరవై ఒకటి ఇరవై రెండేళ్ళకే మద్రాసులో స్వదేశమిత్రన్ పత్రికలో చేరాడు. తర్వాత 'ఇండియా' అని ఒక వారపత్రిక నడిపాడు, ఎర్ర కాగితం మీద అచ్చేసి, తెల్లదొరల మీద కార్టూన్లు వేయించి. 1908లో పత్రికలో ఎడిటర్‌గా పేరు వేసిన మనిషిని ప్రభుత్వం పట్టుకుపోయింది, అసలు రాసేదెవరో అందరికీ తెలుసు కాబట్టి తర్వాతి వంతు తనదేనని అర్థమై భారతి ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న పుదుచ్చేరికి వెళ్ళిపోయాడు. పదేళ్ళు అక్కడే. పత్రికను అక్కడినుంచీ నడిపాడు కానీ, ఇటువైపు రానివ్వకుండా ఇంగ్లీషువాళ్ళు అడ్డుకోవడంతో అది ఆగిపోయింది. 1918 నవంబర్‌లో సరిహద్దు దాటగానే కడలూరు దగ్గర అరెస్టు చేసి జైల్లో పెట్టారు. బయటికొచ్చాక కొన్నాళ్ళు అత్తగారి ఊరు కడయంలో ఉండి, 1920లో మళ్ళీ స్వదేశమిత్రన్‌కే వచ్చి చేరాడు. ట్రిప్లికేన్ ఇల్లు అప్పటిది. అంటే ప్రభుత్వాన్ని హడలెత్తించిన రోజులు ఆ గోడల మధ్య గడిచినవి కావు, అలిసిపోయి తిరిగొచ్చిన మనిషి ఇల్లది. నాకైతే ఆ ఇంట్లో ఎక్కువ గుచ్చుకున్నది అదే.

ఇక ఏనుగు సంగతి. మీరు విన్నదాంట్లో సగమే నిజం. ట్రిప్లికేన్‌లోనే ఉన్న పార్థసారథి గుడి ఏనుగుకు ఆయన తినడానికేదో పెట్టేవాడు. 1921లో ఒకరోజు అది మదం మీదుండి ఆయన్ని పడగొట్టింది, దగ్గరివాళ్ళు లాగి బయటపడేశారు. దెబ్బలు తగిలాయి గానీ కోలుకుని, ఆ తర్వాత ఈరోడ్ దాకా పోయి ఉపన్యాసం కూడా ఇచ్చొచ్చాడు. చనిపోయింది సెప్టెంబర్‌లో, జబ్బు చేసి, ముప్పై ఎనిమిదేళ్ళకే. ఏనుగు కథ చెప్పుకోవడానికి బాగుంటుంది కాబట్టి జనం దాన్నే పట్టుకున్నారు, మీ అబ్బాయి స్కూల్లో రాసేదేమైనా ఉంటే ఈ తప్పు రాయొద్దని చెప్పండి.

ఇల్లు చూశాక గుడికి తప్పకుండా పోండి, నడిచిపోయేంత దూరమే. మూలవిరాట్టు వేంకటకృష్ణుడు, మన కొండ మీది స్వామే ఒక రాజుకు ఇలా కనిపించాడని స్థలపురాణం. తిరుపతి వాళ్ళు చూడగానే ఉలిక్కిపడేది ఆ మీసం. పెద్ద తెల్లమీసం! ఇప్పుడే భారతి ఫొటోలో మీసం చూసి వచ్చుంటారు కదా. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, కాశీలో చదివే రోజుల్లో పిలక తీసేసి మీసం, తలపాగా పెట్టుకున్న మనిషి ఆయన. ఊళ్ళోవాళ్ళు ముక్కున వేలేసుకున్న మీసంతో పోయి, మీసమున్న దేవుడి ముందు నిలబడి ఉంటాడు. ఇది నా ఊహే, ఎక్కడా రాసిలేదు, కానీ అక్కడ నిలబడితే మీకూ అనిపిస్తుంది.

సప్తగిరిలో పోతే సెంట్రల్‌లో దిగి, పక్కనే పార్క్ టౌన్ స్టేషన్లో లోకల్ ఎక్కితే మూడో స్టేషనే తిరువళ్ళిక్కేణి, అంటే మన ట్రిప్లికేనే. మధ్యాహ్నం గుడి మూస్తారు కాబట్టి ఇల్లూ గుడీ పొద్దునే పెట్టుకోండి, పండగ సెలవుల్లో వద్దు. మనవైపు చాలామందికి అరవం మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం రాదు. అక్కడి రాతలు అర్థం కాకపోతే మొహమాటపడకుండా పక్కవాళ్ళని చదివి చెప్పమనండి. తిరుపతి నుంచి వచ్చామని ఒక్కమాటంటే చాలు, లడ్డు తెచ్చారా అని అడుగుతారు ముందు! మీవారికి కూడా ఒక ముక్క ఉంది: సింధు నది మీద వెన్నెల్లో పడవ వేసుకుని పాడుకుందాం అని భారతి రాసిన పాటలో, పాడేది ఏ భాషలోనంటే "సుందర తెలుంగినిల్". తమిళ కవి అన్న మాట అది. అది వినిపించి బయల్దేరదీయండి.

ప్రశ్న: తమిళులు వాళ్ళ కవి ఇల్లు దాచుకున్నారు. మనకు ఒక్కటైనా ఉందా?
(ఒక రిటైర్డ్ మాస్టారు, చిత్తూరు)

జవాబు: ఉన్నాయి మాస్టారూ. విజయనగరంలో గురజాడ ఇల్లు, రాజమండ్రిలో వీరేశలింగం ఇల్లు. వీరేశలింగం గారిది చూడాల్సిందే, 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి కోర్టుల్లో లంచాల గురించి పేర్లు దాచకుండా రాసిన మనిషి. మరి మీ ఊళ్ళోనే ఉన్న కట్టమంచి సంగతి చెప్పండి. ఆ కట్టమంచి రామలింగారెడ్డి, అదే సి.ఆర్. రెడ్డి గారు 1930లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ పదవినే వదిలేసుకున్నారు. అటువైపు మీరెప్పుడైనా మీ పిల్లల్ని తీసుకెళ్ళారా? వెళ్ళుంటే ఏం చూశారో నాలుగు వాక్యాలు రాసి పంపండి, ఇక్కడే వేస్తాం.