సీపీయూ మూత విప్పే ముందు

అమ్మలూ,

పొద్దున్నే మీ నాన్న ఫోన్ చేసి, "పాత కంప్యూటర్ తనే బాగుచేస్తుందట, అన్నయ్యా! స్క్రూడ్రైవర్ కూడా కొనుక్కొచ్చింది" అన్నాడు. నవ్వొచ్చింది. వెంటనే గుండె దడదడలాడింది. మన ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టిన మొదటివాణ్ణి నేనే. నా నిర్వాకాలు నీకెవరూ చెప్పి ఉండరు.

మూత సంగతి తర్వాత. ముందు నీ ప్రాజెక్టులు, నాయనమ్మ ఫొటోలు బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకో. ఎందుకింత గట్టిగా చెబుతున్నానో విను.

గుంటూరు బ్రాడీపేటలో నాకు డీటీపీ సెంటర్ ఉన్న రోజులు. రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన శతకం రాసి, తాత్పర్యాలతో సహా టైపు చెయ్యమని ఇచ్చారు. రోజూ సాయంత్రం నా పక్కనే స్టూలు వేసుకుని, స్క్రీన్ చూస్తూ పద్యాలు దిద్దేవారు. "ఇక్కడ యతి కుదిరింది గానీ ప్రాణం లేదు, మార్చు" అనేవారు. అప్పటికే నా మెషీన్ ఫైలు తెరిస్తే రెండు నిమిషాలు బిగుసుకుపోయేది. లోపల టిక్... టిక్... అని చప్పుడు. నా తెలివి చూడు, ఫైళ్ళు చెల్లాచెదురై నెమ్మదించిందనుకుని, డీఫ్రాగ్ పెట్టి షాపుకు తాళం వేసి ఇంటికెళ్ళా. డీఫ్రాగ్ అంటే డిస్క్‌లో ఉన్నదంతా చదివి, అటుదిటు మార్చి మళ్ళీ రాయడం. ఆయాసపడుతున్న ముసలాయన చేత రాత్రంతా మిర్చి బస్తాలు మోయించానన్నమాట.

తెల్లారి చూస్తే నల్లటి తెర మీద ఒక్క లైను: ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్.

పదింటికి మాస్టారు వచ్చారు. గొడుగు మడిచి గోడకు ఆనించారు. చెప్పాను. ఆయన తిట్టలేదు. "రాతప్రతి ఉందిగా" అన్నారు. డబ్బు తీసుకోకుండా మళ్ళీ టైపు చేశా. కానీ సాయంత్రాలు దిద్దినవి రాతప్రతిలో లేవుగా? కొన్ని గుర్తొచ్చాయి. ఏడు పద్యాల దగ్గర మాత్రం కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి, "ముందున్నదే బాగుందిలే" అన్నారు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

కాబట్టి డిస్క్ చప్పుడు చేస్తున్నా, దాని లైటు ఆరకుండా వెలుగుతూ స్క్రీన్ బిగుసుకున్నా డీఫ్రాగ్ వద్దు, డిస్క్‌లో తప్పులు వెతికి దిద్దే చెక్‌డిస్క్ వద్దు, ఫార్మాట్ అసలే వద్దు. కాపీ తీసి, ఆ పాత డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాలేవీ లేని డిస్క్, పెట్టు.

డిస్క్ బాగానే ఉండి, ఇరవై నిమిషాలకో, గేమ్ పెట్టగానేనో ఆగిపోతుంటే వేడి. ఒకసారి మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టులో మూత తీస్తే ఫ్యాన్ రెక్కల మీద ఎర్రగా మిర్చి దుమ్ము! తుమ్మి తుమ్మి చచ్చా. ప్లగ్ పీకి, మెత్తని పెయింట్ బ్రష్‌తో దులుపు. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకో. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్ట్ ఎండి ఉంటే తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టు.

వేళాపాళా లేకుండా బ్లూ స్క్రీన్ వస్తుంటే ర్యామ్ (మెమరీ చిప్పులుండే పట్టీ) మీద అనుమానం. కోడ్ ఫొటో తీసుకో. ఒంట్లో స్టాటిక్ కరెంటు పోయేలా క్యాబినెట్ ఇనుము ముట్టుకుని అప్పుడు ర్యామ్ తియ్యి, బంగారు రంగు అంచును రబ్బరుతో రుద్ది మళ్ళీ నొక్కు. తర్వాత రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ నడుపు. ఒకసారికి ఒక్కటే మార్చు, లేకపోతే ఏది పనిచేసిందో తెలిసి చావదు.

ఇక ఎస్ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా. ఆ డబ్బా మాత్రం విప్పకు, నా మీద ఒట్టు. ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. పాడైతే మొత్తం మార్చెయ్యడమే. పెదనాన్న పిరికివాడంటావా, అను.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, అయిపోయింది. దాంట్లో బ్యాంకు పనులు పెట్టుకోకు.

ఆదివారం పొద్దున బస్సుకి బెజవాడ వస్తున్నా. చెయ్యి పెట్టను, కుర్చీ వేసుకుని చూస్తూ కూచుంటా. బ్రష్ కొనకు, నేను తెస్తా. కాపీ అయిపోయాక మాత్రం ఎంత రాత్రైనా ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న