హామీలు వాట్సాప్‌లో, షరతులు ఒప్పందంలో

ప్రశ్న: నేనూ, మా చెల్లెలూ విజయవాడలో చిరుధాన్యాల చిరుతిళ్లు తయారుచేసి సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాం. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా నమోదు చేయించాం. ఢిల్లీకి చెందిన ఒక డిజిటల్ ప్రచార సంస్థ మూడు నెలలకు రూ.2.4 లక్షలు ముందే కట్టమంటోంది. 20 వేల మంది ఫాలోయర్లు, 200 ఫైవ్‌స్టార్ రివ్యూలు, రెట్టింపు అమ్మకాలు అని వాట్సాప్‌లో హామీ ఇచ్చారు. ఒప్పందం ముసాయిదా జతచేశాను. సంతకం చేయవచ్చా? నిరుడు మరో సంస్థకు రూ.60 వేలు ఇచ్చాం. నెల పనిచేసి ఫోను ఎత్తడం మానేశారు. ఆ డబ్బు తిరిగి వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఈ రూపంలో అయితే సంతకం చేయకండి. ముసాయిదా మొత్తం చదివాను. అమ్మకాలు రెట్టింపవుతాయన్న మాట అందులో ఎక్కడా లేదు. ఉన్నదల్లా ‘శక్తివంచన లేకుండా ప్రయత్నిస్తాం’ అన్న ఒక్క వాక్యం. పైగా, ఈ పత్రంలో లేని హామీలేవీ చెల్లవని చివరి పేజీలో రాసుకున్నారు. సంతకం పడ్డాక వాట్సాప్ హామీల బలం చాలావరకు పోతుంది. మోసం చేశారని నిరూపిస్తే మినహాయింపు ఉంది గానీ, నిరూపించే భారం మీదే. వాళ్లకు తమ మాట మీద నమ్మకం ఉంటే దాన్నే ఒప్పందంలోకి ఎక్కించమనండి. వెనకాడితే మీకు సమాధానం దొరికినట్టే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది రివ్యూల సంగతి. వస్తువు రుచి చూడని వారి చేత రాయించే 200 రివ్యూలంటే కొనుగోలుదారులను మోసగించడమే. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం అమ్మకందారు తానే వినియోగదారుగా నటిస్తూ రివ్యూలు పెట్టకూడదు. సొంత వెబ్‌సైట్‌లో సొంత సరుకు అమ్మేవారికీ ఇది వర్తిస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనగా తేలితే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ రూ.10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా వేయగలదు. అప్పుడు పోయేది మీ కంపెనీ పేరు, ప్రచార సంస్థది కాదు. రేపు వాళ్లు ఆ రివ్యూలు రాయించకపోయినా మీరు డబ్బు అడగలేని పరిస్థితి వస్తుంది. కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చట్టవిరుద్ధమైన పనికి కుదిరిన ఒప్పందం చెల్లదు, అలాంటి పనికి డబ్బిచ్చినవారి పక్షాన కోర్టు నిలబడదు. ఆ అంశం పూర్తిగా తీసేయించండి. కొన్న ఫాలోయర్లు మీ సరుకు కొనరు కాబట్టి ఆ 20 వేల అంకె కూడా అక్కర్లేదు.

అడిగిన రూ.2.4 లక్షల్లో వారి రుసుమెంతో, గూగుల్, మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్)లకు వెళ్లే ప్రకటన ఖర్చెంతో విడదీయించండి. ప్రకటనల ఖాతా మీ కంపెనీ పేరనే తెరిచి, మీ కార్డుతోనే చెల్లించి, వారికి నిర్వహణ అనుమతి మాత్రమే ఇవ్వండి. అప్పుడు అసలు బిల్లు నేరుగా మీకే వస్తుంది, విడిపోయినా ఖాతా మీ దగ్గరే ఉంటుంది. రుసుము నెలనెలా, ఆ నెల వచ్చిన ఆర్డర్ల లెక్క చూశాకే చెల్లించేలా రాయించండి. ‘రీచ్ (ప్రకటన ఎంతమందికి కనిపించిందన్న లెక్క) లక్షల్లో ఉంది’ అనే నివేదికలకు డబ్బివ్వకండి. వారి జీఎస్టీ నంబరు, కంపెనీ నమోదు ప్రభుత్వ పోర్టళ్లలో ఎవరైనా చూడవచ్చు. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ పోర్టల్‌లో వారి పేరు మీద కేసులున్నాయేమో కూడా వెతకండి.

వివాదాలు ఢిల్లీ కోర్టుల్లోనే అని ముసాయిదాలో ఉన్న షరతును తేలిగ్గా తీసుకోవద్దు. వారి కార్యాలయం అక్కడే ఉంది కనుక అది సాధారణంగా చెల్లుతుంది. విజయవాడ అని మార్పించండి.

ఇక పాత రూ.60 వేలు. వినియోగదారుల కమిషన్‌కు వెళితే, ఇది వాణిజ్య ప్రయోజనం కోసం పొందిన సేవ, కాబట్టి మీరు వినియోగదారులు కారన్న అభ్యంతరం తప్పదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో స్వయం ఉపాధితో బతికేవారికి ఇచ్చిన మినహాయింపు కొన్న వస్తువుల గురించే చెబుతుంది, పైగా మీది కంపెనీ. చీటింగ్ కేసుకు మొదటి నుంచే మోసపు ఉద్దేశం ఉందని చూపాలి. ఒక నెల పనిచేశారు కాబట్టి పోలీసులు సివిల్ తగాదా అనే అవకాశం ఎక్కువ. కాబట్టి ముందు లాయర్ నోటీసు ఇప్పించండి. స్పందన లేకపోతే, దావాకు ముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించండి, కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదరకపోతే సివిల్ దావా వేయాలి. అందుకు గడువు ఒప్పందం ఉల్లంఘించిన నాటి నుంచి మూడేళ్లు, నోటీసు ఇచ్చినంత మాత్రాన అది పెరగదు. బ్యాంకు స్టేట్‌మెంట్, ఇన్‌వాయిస్ తీసిపెట్టండి. ఆ పాత సంస్థతో జరిపిన చాట్‌లున్న ఫోనును మార్చకండి, అమ్మకండి. వాటిని కోర్టులో దాఖలు చేయాలంటే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే ధ్రువపత్రం జతచేయాలి.