తనంతట తానే నిర్ణయాలు తీసుకునే ఏఐలో మానవ విలువలు ఎలా ఉంచాలి? సూత్రాలు రాసుకుంటే చాలా?

చాలదు. సూత్రాలకు కొదవేం లేదు. ఏఐ నైతికత మీద యునెస్కో సిఫార్సును 2021 నవంబరులోనే 193 సభ్యదేశాలు ఆమోదించాయి. చిక్కంతా ఆ తర్వాత, రోజువారీ పనిలో వస్తుంది. నేను చూసింది చెబుతాను.

గుంటూరులో మిర్చి కొనే ఒక వ్యాపారి దగ్గర సాఫ్ట్‌వేర్ పని చూస్తుంటాను. అక్కడ కెమెరా ఫొటో తీసి, కాయ రంగు, తాలు (రంగు పోయిన నాసి కాయలు) ఎంత ఉందో లెక్కగట్టి గ్రేడ్ ఇస్తుంది. దాన్ని బట్టే రేటు. తేడా ఉంటే మార్చడానికి అనుభవమున్న గుమస్తా ఒకాయన ఉంటారు. గుప్పెడు కాయలు తీసుకుని ఊపి, గింజల గలగల విని ఎంత ఎండాయో చెప్పేస్తారు. కెమెరాకు అది వినపడదు. అంటే మనిషి పర్యవేక్షణ ఉన్నట్టే కదా?

కానీ ఆయన గ్రేడ్ మార్చడం దాదాపు మానేశారు. పక్కన కూర్చుని చూస్తే సంగతి తెలిసింది. మెషీన్ చెప్పినదానికి సరే అనాలంటే ఒక్క బటన్ నొక్కితే చాలు. కాదనాలంటే కారణం టైప్ చేయాలి. పైగా ఎన్నిసార్లు కాదన్నారో నెలాఖరుకు యజమానికి రిపోర్టు వెళ్తుంది. సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) బారులు తీరి ఉంటే ఎవరు టైప్ చేస్తూ కూర్చుంటారు? రైతుకు న్యాయం జరగాలని అందరం అనుకునేవాళ్లమే, ఆ స్క్రీన్ మాత్రం దాన్ని రోజూ కొట్టేస్తోంది.

అందుకే పట్టుబట్టి మార్పించాను. ఇప్పుడు ముందు గుమస్తా తన గ్రేడ్ వేస్తారు, ఆ తర్వాతే మెషీన్ గ్రేడ్ కనిపిస్తుంది. రెండూ కలవకపోతే రైతు ఎదుటే ఆ లాటు మళ్లీ చూస్తారు. ఆ రిపోర్టు ఆపేశాం. ఆలస్యం అవుతుందని యజమాని అన్నారు. నిజమే, అవుతుంది. అయినా భరించాలి, గ్రేడ్ ఒక మెట్టు దిగితే పోయేది ఒక కుటుంబం ఏడాది కష్టం.

ఇది మిర్చికే పరిమితం కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వేల కుటుంబాల మీద అన్యాయంగా మోసం ముద్ర పడింది. అనుమానితులను ఏరడానికి వాడిన కంప్యూటర్ మోడల్ ఎక్కువ రిస్క్ స్కోరు ఎందుకు ఇచ్చిందో ఫైలు చూసే అధికారికే తెలిసేది కాదు. ఆ వ్యవహారంలో 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చిన యూరప్ ఏఐ చట్టం 14వ అధికరణ, ఎక్కువ ముప్పున్న వ్యవస్థల్లో పర్యవేక్షించే మనిషికి ఫలితాన్ని తోసిపుచ్చే, మెషీన్‌ను ఆపే వీలుండాలంటుంది. మెషీన్ చెప్పిందే వేదమని నమ్మే అలవాటు గురించి కూడా హెచ్చరిస్తుంది. మన 2023 డేటా రక్షణ చట్టంలో ఫిర్యాదు చేసే హక్కు ఉంది. యంత్రం ఒక్కటే తీసుకున్న నిర్ణయాన్ని ప్రశ్నించడానికి విడిగా హక్కు లేదు. నా దృష్టిలో అది పెద్ద లోటు.

మిర్చి మార్కెట్ యార్డులో రేటు నచ్చకపోతే రైతు అమ్మనని చెప్పి సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చు. పింఛను, లోను ఆపేసిన మెషీన్‌కు అలా చెప్పే దారేది? ఏ వ్యవస్థ పెట్టినా ముందు ఆ దారి ఏర్పాటు చేయండి: కారణం తెలుగులో రాసిన చీటీ, దాని మీద నిర్ణయం మార్చే అధికారమున్న మనిషి పేరు, జవాబుకు గడువు. మా దగ్గర కారణం వరకు సాధించాను. పేరు వేయించడం కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను.