పస్కా చేసుకో బుజ్జీ, స్టార్ మాత్రం తీయకు

బుజ్జీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి ఇశ్రాయేలీయులు బయటపడిన రాత్రిని తలుచుకునే యూదుల పండుగ పస్కా, అది ఈ ఏడాది ఇంట్లో చేసుకోవాలని ఉంది, సామాన్ల లిస్టు పెట్టు పెద్దమ్మా అన్నావు. ఆ కిందనే క్రిస్మస్ ఇక మానేద్దామనుకుంటున్నాం అన్నావు. చివర్లో పాస్టర్ గారికి చెప్పాలా వద్దా అని అడిగావు. ఇవి మూడూ వేరువేరు సంగతులే తల్లీ. వాయిస్ పెడితే సగం విని ఆపేస్తావని తెలుసు, అందుకే కూర్చుని రాస్తున్నాను. పాతికేళ్ళుగా ఈ పండుగలు చేసుకుంటున్నాను, అందులో మొదటి నాలుగైదేళ్ళు కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు చేశాను, కాబట్టి ఏం చేయకూడదో నాకు కాస్త ఎక్కువే తెలుసు.

ముందు తారీకు చూసుకో. గుడ్ ఫ్రైడే ముందు రోజు పస్కా అనుకుని కూర్చోకు, రెండూ ఒక్కోసారి పక్కపక్కనే వస్తాయి, ఒక్కోసారి ఎక్కడివక్కడ ఉంటాయి. 2024లో ఈస్టర్ మార్చి 31న అయిపోతే పస్కా ఏప్రిల్ 22 సాయంత్రం వచ్చింది. యూదుల లెక్క మన పంచాంగంలాంటిదే, చంద్రుణ్ణి బట్టి నెలలు, రుతువులు తప్పిపోకుండా పందొమ్మిదేళ్ళలో ఏడుసార్లు అధిక మాసం. నీసాను నెల పద్నాలుగో రోజు పొద్దు గుంకేటప్పుడు పస్కా, అంటే నిండు పున్నమి, చాలా ఏళ్ళు అది మన చైత్ర పౌర్ణమి దగ్గరే పడుతుంది. 2025లో అయితే ఏప్రిల్ 12న హనుమాన్ జయంతి, ఆ సాయంత్రమే పస్కా. నేను ఒక చేత్తో ఖర్జూరాల డబ్బా, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని ముషీరాబాద్‌లో గంటన్నర నిలబడిపోయాను, గౌలిగూడ నుంచి తాడ్‌బండ్ వెళ్ళే శోభాయాత్ర దాటేదాకా. ఒక కుర్రాడు మజ్జిగ ప్యాకెట్ చేతిలో పెట్టి తాగండమ్మా అన్నాడు. తాగాను.

ఇక వంటిల్లు. పండుగ రోజుల్లో పులిసినది ఇంట్లో ఉండకూడదన్న నిర్గమకాండం 12 చదివి మొదటి ఏడాది నేను చేసిన ఘనకార్యం ఫ్రిజ్‌లో ఉన్న దోసెల పిండి గిన్నెడు తీసి సింకులో పారబోయడం. పులిసింది అంటే తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చేది అదే కదా! మీ పెదనాన్న తెల్లారి లేచి ఖాళీ గిన్నె చూసి, నన్ను చూసి, ఒక్క మాట అనకుండా చొక్కా వేసుకుని హోటల్‌కి వెళ్ళిపోయారు. తర్వాత చదివి తెలుసుకున్నాను, యూదుల నియమం ప్రకారం పులిసినది అంటే గోధుమ, యవలు, ఓట్స్, రై, స్పెల్ట్ అనే ఇంకో రకం గోధుమ, ఈ అయిదు ధాన్యాలకే వర్తిస్తుందట. బియ్యం, మినుములు ఆ లెక్కలోకి రావు. యూరప్ యూదులు ఆచారం కొద్దీ బియ్యం, పప్పులు కూడా మానేస్తారు, మధ్యప్రాచ్యం వాళ్ళలో చాలామంది అన్నం తింటారు. కాబట్టి నీ ఇడ్లీ పిండి జోలికి వెళ్ళకు. తీయాల్సింది బ్రెడ్డు, బన్ను, రస్కులు, నాన్‌లు, ఉస్మానియా బిస్కెట్లు, పిల్లల హార్లిక్స్ (అందులో యవలు ఉంటాయి), డబ్బాలో అడుగున మిగిలిన బొంబాయి రవ్వ. పారేయమనడం లేదు, పనమ్మాయికో వాచ్‌మన్‌కో ఇచ్చెయ్. ముందు రోజు రాత్రి లైట్లు ఆపి పిల్లల చేతికి ఫోన్ టార్చి ఇచ్చి ఇల్లంతా బ్రెడ్డు ముక్కలు వెతికించు, నువ్వే ఓ పది ముక్కలు అక్కడక్కడా దాచిపెట్టు. యూదుల ఇళ్ళలో కొవ్వొత్తితో చేస్తారు. నీ పిల్లలకు మొత్తం పండుగలో గుర్తుండిపోయేది ఇదొక్కటే, నా మాట రాసి పెట్టుకో.

రొట్టెకు ఆన్‌లైన్‌లో మాట్సా (యూదుల పొంగని రొట్టె) డబ్బా కొనకు, ధర చూస్తే కడుపు మండుతుంది. పుల్కా చాలు. కాకపోతే మనం పిండి తడిపి అరగంట గుడ్డ కప్పి పెడతాం చూడు, ఆ రోజు అది వద్దు. నీళ్ళు తగిలిన దగ్గర్నుంచి పద్దెనిమిది నిమిషాల్లో కాల్చి దించేయాలని వాళ్ళ పద్ధతి. ఉప్పు, నూనె వేయకు, పల్చగా ఒత్తి, ఫోర్కుతో అంతటా పొడిచి, పెనం మీదే రెండు వైపులా గట్టిపడేదాకా కాల్చు. అలవాటు కొద్దీ మంట మీద పెట్టి బూరెలా పొంగిస్తావేమో, మన బైబిలులో పొంగని రొట్టెలు అని ఉన్నది అందుకే! చేదుకూరకు మెంతికూర పచ్చిదే పెట్టు, కాకరకాయ అన్నా నేను కాదనను. ఖర్జూరం, ఆపిల్, బాదం, కొంచెం దాల్చినచెక్క వేసి ముద్దలా నూరితే అది ఐగుప్తులో ఇశ్రాయేలీయులు ఇటుకలకు కలిపిన బురద అని చెప్పొచ్చు. ఒక గిన్నెలో ఉప్పునీళ్ళు, అవి కన్నీళ్ళు. ద్రాక్షరసానికి ఆ సీజన్‌లో మోండా మార్కెట్‌లో నల్లద్రాక్ష దొరుకుతుంది, ఉడకబెట్టి వడకట్టుకో.

మేకను కోయించాలా అని మీ ఆయన అడిగాడన్నావు. వద్దు. ఆలయం క్రీస్తుశకం 70లో కూలిపోయాక యూదులే పస్కా బలి మానేశారు, దేవుడు ఏర్పరచుకున్న చోట తప్ప ఇంకెక్కడా వధించకూడదని ద్వితీయోపదేశకాండం 16లోనే ఉంది. కాల్చిన ఎముక ఒకటి పళ్ళెంలో పెడతారు, అంతే. మా కూడికకు వచ్చే ఒక కుటుంబం మరీ ముందుకెళ్ళి, నిర్గమకాండంలో గొర్రెపిల్ల రక్తం పూసినట్టు, ద్వారబంధానికి ఎర్ర పెయింట్ పూసింది. పొద్దున్నే ఎదురింటావిడ అది చూసి ఎవరో చేతబడి చేశారని భయపడిపోయి అపార్ట్‌మెంట్ అంతా లేపింది. ఆ మరక టర్పెంటైన్ పెట్టి రుద్దినా పూర్తిగా పోలేదు, ఓనర్ డిపాజిట్‌లో కోత పెట్టాడు.

ఇంకొకటి, యేసు ఆ రాత్రి అచ్చం ఇలాగే చేశాడు అని పిల్లలకు చెప్పకు. ఇప్పుడు యూదులు చేసే సేదెర్ అనే ఈ వరస, నాలుగు గిన్నెల ద్రాక్షరసం, చిన్నవాడు ప్రశ్నలు అడగడం, ఇదంతా ఆలయం పోయాక రబ్బీలు, అంటే యూదు బోధకులు, కుదిర్చినది, దాదాపు క్రీస్తుశకం 200 నాటి వాళ్ళ ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో దాని రూపం కనిపిస్తుంది. అంతకు ముందున్నది ఎంతో తర్వాత చేరింది ఎంతో పండితులే వాదించుకుంటున్నారు. సువార్తల్లో ఉన్నది రొట్టె, గిన్నె, పాత్రలో ముంచడం, చివర కీర్తన. నువ్వు ఆ నాలుగూ చేసి, నిర్గమకాండం 12 చదివి, ఈ ఆచారమేమిటని పిల్లలు అడిగితే జవాబు చెప్పమని అందులోనే ఉంది కదా, ఆ జవాబు మీ ఆయన చేత చెప్పించు, చాలు. తలకు యూదుల టోపీ కిప్పా, భుజాన ప్రార్థన శాలువా తాలిత్ వేసుకుని మనం యూదులమైపోయినట్టు ఫొటోలు పెట్టకండి. వాళ్ళు వందల ఏళ్ళు క్రైస్తవుల చేతుల్లోనే దెబ్బలు తిని కాపాడుకున్న పండుగ అది, యూరప్‌లో ఈస్టర్ రోజుల్లోనే వాళ్ళ వాడల మీద పడి కొట్టేవాళ్ళు. మనం అతిథుల్లా ఉండాలి. తెలుగువాళ్ళలోనే యూదు ధర్మం పాటించేవాళ్ళు ఉన్నారు తెలుసా, గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో, బెనె ఎఫ్రాయీము అంటారు. మనలా వారానికోసారి కాదు, రోజూ దానితో బతుకుతారు.

ఇప్పుడు క్రిస్మస్ సంగతి. ఇది నేను ఇంతవరకు నీతో ఎప్పుడూ మాట్లాడలేదు.

నీకు ఆరేళ్ళప్పుడు, అప్పుడే నాకు, క్రైస్తవులు కూడా యూదుల పండుగలే చేయాలనే ఈ హెబ్రీ మూలాల పిచ్చి తలకెక్కింది. ఒక బ్రదర్ ఎవరో ఇచ్చిన క్యాసెట్లు విని విని, డిసెంబరు 25 అన్యుల పండుగ, చెట్టు అన్యులది, స్టార్ అన్యులది అని నోటికి ఎంత వస్తే అంత. ఆ ఏడాది మీ ఇంటికి వచ్చేసరికి నువ్వు కుర్చీ ఎక్కి, చీపురుపుల్లలూ రంగు కాగితాలూ అంటించి నువ్వే చేసుకున్న స్టార్ బాల్కనీలో కడుతున్నావు. ఒక కొన ఊడి వేలాడుతోంది, దానికి అన్నం మెతుకులు పెట్టి అంటిస్తున్నావు, వేళ్ళ నిండా ఎర్ర రంగు. నన్ను చూసి, పెద్దమ్మా బల్బు పెడతావా అన్నావు. నేను ఏమన్నానో నీకు గుర్తుందో లేదో, నాకైతే గుర్తుంది, ఇక్కడ రాయను. మీ అమ్మ అరిసెల పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడి విన్నది. నువ్వు కుర్చీ దిగి ఆ స్టార్‌ని మంచం కిందకు తోసేశావు. ఏడాదిన్నర మీ అమ్మ నాతో మాట్లాడలేదు, పస్కాకు పిలిస్తే రాలేదు. లేవీయకాండం 23లో ఉన్న పండుగలన్నీ తేదీ తప్పకుండా చేశాను ఆ ఏడాది, మా ఇంటి బల్ల దగ్గర నేనూ మీ పెదనాన్నా తప్ప ఎవరూ లేరు.

అందుకని క్రిస్మస్ మానడానికి పస్కా చేయకు. పస్కా కావాలని ఉంటే పస్కా చేయి. పండుగల విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదని పౌలు కొలొస్సయులకు రాసిన మాట నీ వైపు నుంచి ఎంత చెల్లుతుందో మీ అమ్మ వైపు నుంచీ అంతే చెల్లుతుంది. అన్యులను, అంటే యూదులు కాని విశ్వాసులను, మోషే ధర్మశాస్త్రం కాడి కింద పెట్టొద్దని అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము పెద్దలే తేల్చారు, ఈ పండుగలు చేయకపోతే రక్షణ లేదని నువ్వు చూసే వీడియోల్లో ఎవరైనా అంటే ఆపేసి పడుకో. అలాగే యేసు అనే పేరు గ్రీకుల దేవుడు జియస్ నుంచి వచ్చిందని ఒకటి తిరుగుతుంది. అబద్ధం. క్రీస్తు పుట్టడానికి ముందే యూదులు తమ లేఖనాలను గ్రీకులోకి మార్చుకున్నప్పుడు యెహోషువ పేరును యేసూస్ అనే రాసుకున్నారు. హెబ్రీలో యెషువా అని పిలవాలనిపిస్తే పిలుచుకో, నేనూ పిలుస్తాను, మీ నాయనమ్మ యేసయ్యా అంటే మాత్రం సరిచేయకు.

పాస్టర్ గారికి ముందే చెప్పు. వెళ్ళి, అయ్యగారూ ఇంట్లో పిల్లలకు నిర్గమకాండం చూపిద్దామని ఇలా చేస్తున్నాం, ప్రార్థన చేయండి అని అడుగు, కుదిరితే భోజనానికి పిలువు. దొంగతనంగా చేస్తే వేరే బోధలోకి వెళ్ళిపోయారని ఆదివారానికల్లా చర్చి మొత్తం పాకుతుంది. పెద్దవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. గోల్కొండ క్రాస్‌రోడ్స్ హెబ్రోను మందిరంలో సువార్తికులు భక్త్ సింగ్ గారు పెట్టించిన హోలీ కాన్వొకేషన్లు, అంటే పెద్ద కూడికలు, ఉండేవి కదా, ఆ మాటే లేవీయకాండం 23లోది. చిన్నప్పుడు మా అమ్మ తీసుకెళ్ళేది, పందిరి కింద చాపల మీద వరుసగా కూర్చుని ముక్కూమొహం తెలియనివాళ్ళతో కలిసి ప్రేమవిందు తినేవాళ్ళం. పర్ణశాలల పండుగ అంటే నాకు ఇప్పటికీ ఆ పందిరే.

అది ఎలాగూ సెప్టెంబరు చివరో అక్టోబరులోనో వస్తుంది, వానలు పూర్తిగా పోవు, టెర్రస్ మీద నాలుగు కర్రలు పాతి కొబ్బరి మట్టలు కప్పుకోవడమే. మట్టల సందుల్లోంచి నక్షత్రాలు కనబడాలి కాబట్టి టార్పాలిన్ వేస్తే లెక్కలోకి రాదు, తడిస్తే కిందకి దిగి రండి. ఊదే కొమ్ము బూర మాత్రం కొనకు. మా ఆయన కొన్నారు, రెండు వేలు పెట్టి, ఊదితే గేదె దగ్గినట్టు వచ్చింది, ఇప్పుడది షోకేసులో ఉంది.

పస్కా రోజు మెట్టుగూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి మియాపూర్ వచ్చేస్తాను, నాలుగింటికల్లా ఉంటాను, పుల్కాలు నేను చేస్తాను. మీ అమ్మకు నేను ఫోన్ చేయను, నువ్వే చేసి పిలువు, పెద్దమ్మ వస్తోందని కూడా చెప్పు. చేదుకూర తను తెస్తుందేమో అడుగు. కాకరకాయ వేపుడు దానిలా ఎవరికీ రాదు, ఈ ఒక్కసారికి బెల్లం వేయొద్దని చెప్పు.

మీ పెద్దమ్మ
సీతాఫల్‌మండి