టెక్ సందేహాలు: మా మిద్దె తోటలో 340 మందా, 11 మందా?

ప్రశ్న: చాలా సర్వర్ల మీద నడిచే చర్చావేదిక లెమ్మీలో హైదరాబాద్ మిద్దె తోటల కోసం ఒక కమ్యూనిటీ పెట్టాను. నా ఖాతాలోంచి చూస్తే 340 మంది సభ్యులున్నారు. వేరే సర్వర్‌లో ఖాతా ఉన్న మా తమ్ముడు మాత్రం 11 మందే ఉన్నారంటున్నాడు. సభ్యుల్ని ఎవరైనా తీసేస్తున్నారా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఎవరూ ఎవర్నీ తీసేయలేదండీ. మీ 340 నిజం, మీ తమ్ముడి 11 కూడా నిజమే.

చిక్కడపల్లిలో పేపర్ ఏజెంటును పట్టుకుని "మీ పేపర్‌కి చందాదారులెంతమంది?" అని అడిగారనుకోండి. తన పుస్తకం తిరగేసి చెబుతాడు. అందులో ఉండేది చిక్కడపల్లి ఇళ్లే. ఉప్పల్ లెక్క అతనికెందుకు? మొత్తం లెక్క కావాలంటే పేపర్ ఆఫీసుకే వెళ్లాలి. లెమ్మీలోనూ అంతే. మీరు కమ్యూనిటీ పెట్టిన సర్వర్ ఆఫీసు, మీ తమ్ముడి సర్వర్ ఏజెంటు. అక్కడ కనిపించిన 11 మంది ఆ సర్వర్‌లో ఖాతాలుండి మీ కమ్యూనిటీలో చేరినవాళ్లు.

ఫేస్‌బుక్‌లో ఈ తంటా ఎందుకు లేదంటే, అక్కడ పుస్తకం ఒక్కటే, అది కంపెనీ దగ్గరే ఉంటుంది. లెమ్మీ, ట్విట్టర్‌లాంటి మాస్టొడాన్ వంటివాటిలో ఎవరి సర్వర్ వారిది. అవి మాట్లాడుకునే భాష పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ 2018లో దాన్ని సిఫార్సుగా ప్రకటించింది. మీ తమ్ముడు సబ్‌స్క్రైబ్ నొక్కగానే అతని సర్వర్ నుంచి మీ సర్వర్‌కు 'ఫాలో' అనే చీటీ వెళ్తుంది. మీ సర్వర్ 'సరే' అని తిరుగు చీటీ పంపుతుంది. చీటీలన్నీ చేరేది మీ దగ్గరికే కాబట్టి పూర్తి లెక్క మీ దగ్గరే ఉంటుంది. కొత్త వెర్షన్ నడిపే సర్వర్లు ఇప్పుడు స్థానిక సభ్యులను, మొత్తం సభ్యులను విడివిడిగా చూపిస్తున్నాయి. మీ తమ్ముడి సర్వర్ ఇంకా పాత వెర్షన్‌లోనే ఉండి ఉంటుంది. ఏ కమ్యూనిటీకైనా అసలు సంఖ్య తెలియాలంటే దాని చిరునామాలో అట్ గుర్తు తర్వాత ఏ సర్వర్ పేరుందో చూసి, బ్రౌజర్‌లో ఆ సర్వర్‌కే వెళ్లి చూడండి. చాలాచోట్ల లాగిన్ కూడా అక్కర్లేదు.

పోస్టుల విషయంలో ఇంకో తిరకాసుంది. ఒక సర్వర్‌లో మీ కమ్యూనిటీలో చేరినవాళ్లు ఒక్కరూ లేకపోతే అక్కడికి మీ కొత్త పోస్టులు వెళ్లవు. ఎవరో వెతికినప్పుడు తెచ్చుకున్న నాలుగు పాత పోస్టులతో ఆ పేజీ అలాగే ఉండిపోతుంది. చూసినవాళ్లు 'ఇది పాడుబడ్డ చోటు' అనుకుని వెళ్లిపోతారు. ఒక్కరు చేరితే చాలు, అప్పట్నుంచి పోస్టులు వస్తాయి. అందుకే సభ్యులను పెంచుకోవాలంటే ఒకే సర్వర్‌లో వందమందిని వెతకడం కంటే, పది సర్వర్లలో తలా ఒకరు చేరేలా చూసుకోవడం మేలని నేనంటాను. మాస్టొడాన్ ఖాతాలున్నవాళ్లు కూడా అక్కడి నుంచే మీ కమ్యూనిటీని ఫాలో కావచ్చు.

ఇక ఆ 340 చూసి మరీ మురిసిపోకండి. అమీర్‌పేట హాస్టల్ రిజిస్టర్ ఎప్పుడైనా చూశారా? కోర్సు అయిపోయి బెంగళూరు వెళ్లిపోయినవాళ్ల పేర్లు కూడా అందులో ఉంటాయి. 2023లో లెమ్మీలాంటిదే అయిన రెడ్డిట్, బయటి యాప్‌లు తన సమాచారాన్ని వాడుకునే దారికి (ఏపీఐకి) ధర పెట్టినప్పుడు అలిగి చాలామంది లెమ్మీకి వచ్చారు. వారిలో కొందరు నెల తిరక్కుండానే వెనక్కి వెళ్లారు. వాళ్ల సబ్‌స్క్రిప్షన్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఒక సర్వర్ చెప్పాపెట్టకుండా మూతపడితే మరీ ఇబ్బంది. 'మావాళ్లు మానేశారు' అని చీటీ పంపే నాథుడే ఉండడు కాబట్టి, వాళ్లంతా మీ లెక్కలో మిగిలిపోతారు. అందుకే నేనైతే సభ్యుల సంఖ్యను పక్కనబెట్టి, పక్క పట్టీలో 'నెలకు' అని కనిపించే క్రియాశీల సభ్యుల అంకె చూస్తాను. అందులోకి పోస్టో కామెంటో పెట్టినవాళ్లు వస్తారు, కొత్త వెర్షన్లలో ఓటు వేసినవాళ్లు కూడా. 340లో నెలకు పాతికమంది మాట్లాడుతున్నారంటే మీ తోట పచ్చగా ఉన్నట్టే.

ప్రశ్న: మాస్టొడాన్‌లో ఒకరికి వేలల్లో ఫాలోవర్లు కనిపిస్తున్నారు. జాబితా తెరిస్తే పాతికమందే ఉన్నారు. దొంగ లెక్కా?
– ఒక విద్యార్థి, తార్నాక

జవాబు: కాదు. సంఖ్య ఆ వ్యక్తి సొంత సర్వర్ చెప్పింది, జాబితా మీ సర్వర్‌కు తెలిసినవాళ్లది. ఆ ప్రొఫైల్‌ను అసలు సర్వర్‌లో తెరవండి. ఆయన జాబితాను దాచుకోకపోతే మిగతావాళ్లూ కనిపిస్తారు.

ప్రశ్న: లెమ్మీలో సబ్‌స్క్రైబ్ నొక్కి మూడు రోజులైంది. ఇంకా 'పెండింగ్' అనే చూపిస్తోంది.
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: నేను పైన చెప్పిన తిరుగు చీటీ రాలేదన్నమాట. అవతలి సర్వర్ మీద భారం ఎక్కువై ఉండొచ్చు, లేదా వాళ్లు మీ సర్వర్‌ను బ్లాక్ చేసి ఉండొచ్చు. ఒకసారి రద్దు చేసి మళ్లీ నొక్కండి. మీ సర్వర్‌లో ఇంకెవరైనా ముందే ఆ కమ్యూనిటీలో చేరి ఉంటే, పెండింగ్ అని ఉన్నా కొత్త పోస్టులు మీకు కనిపిస్తూనే ఉంటాయి. కనిపిస్తుంటే ఆ మాటను పట్టించుకోకండి.