మూడేళ్ళు ఊళ్ళో ఉండం, ఖరీదైన వాచీలు బీరువాలో పెట్టాలా, లాకర్లోనా?

మూడేళ్ళకి డల్లాస్ వెళ్తున్నారు, విజయవాడ పటమటలో ఫ్లాటుకి తాళం వేస్తారు, రెండు ఆటోమేటిక్ వాచీలు (చేతి కదలికకే కీ తిరిగేవి), ఒక క్వార్ట్జ్ (బ్యాటరీతో నడిచేది) ఉన్నాయి, ఎక్కడ దాచాలి అన్నది కదా మీ ప్రశ్న. ఈ విషయంలో చెయ్యకూడనివన్నీ నేను చేసేశాను, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నా.

2016లో మస్కట్ వెళ్తూ మూడు వాచీలు సత్యనారాయణపురంలో మా ఇంట్లో వదిలి వెళ్ళాను. మా నాన్నగారి హెచ్ఎంటీ, పెళ్ళికి మావగారు పెట్టిన క్వార్ట్జ్, నా మొదటి బోనస్‌తో కొన్న ఒమేగా. దొంగల భయం తప్ప నాకింకే ఆలోచనా లేదు. షాపువాళ్ళిచ్చిన పెట్టెలతో సహా బీరువాలో పట్టుచీరల వెనక దాచాం. మా ఆవిడ చీరలతో పాటు వాటికీ నాలుగు నాఫ్తలిన్ ఉండలు వేసింది.

2020 చివర్లో వచ్చి తీస్తే దొంగలెవరూ రాలేదు గానీ బూజు వచ్చింది. పెట్టె మీద తోలు అనుకున్నది తోలు కాదు, పొలుసులు పొలుసులుగా ఊడి పట్టీకి అంటుకుంది. లోపలి స్పాంజి వేలితో నొక్కితే జిగట పొడి అయిపోయింది. ఫోమ్‌కి వేడి, తేమ రెండూ తగిలితే అంతేనట, మన ఊళ్ళో ఆ రెంటికీ లోటు లేదు కదా. క్వార్ట్జ్ ఆగిపోయి ఉంటే బీసెంట్ రోడ్డుకి పట్టుకెళ్ళా. రిపేరు చేసే పెద్దాయన మూత విప్పి, కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారు కొసతో తెల్లటి ఉప్పులాంటి మరక చూపించాడు. బ్యాటరీ కారి సర్క్యూట్ దాకా పాకింది. "వెళ్ళేముందు బ్యాటరీ తీయించుంటే అయిదు నిమిషాల పని బాబూ" అన్నాడు. మొత్తం మెషీనే మార్చాల్సొచ్చింది. ఒమేగా, హెచ్ఎంటీ మాత్రం కీ ఇవ్వగానే నడిచాయి.

కాబట్టి మీరు ముందు భయపడాల్సింది ఆ క్వార్ట్జ్ గురించి. కీ బయటికి లాగి పెడితే ముళ్ళు ఆగిపోతాయి, చాలదా అంటారు కొందరు. బ్యాటరీ ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ బ్యాటరీ లోపలే ఉంటుంది, పైగా లాగి ఉంచిన కీ దగ్గర తేమకి దారి ఇచ్చినట్టే. బ్యాటరీ తీయించి, మూత మళ్ళీ గట్టిగా బిగించమనండి.

ఆటోమేటిక్‌లని వాటి మానాన ఆగిపోనివ్వండి. వైండర్ అని వాచీని తిప్పుతూ ఉండే పెట్టె ఉంటుంది, అది కొనమని ఎవరైనా చెప్తే వినకండి. మూడేళ్ళపాటు ఖాళీ ఇంట్లో ఒక మోటారు వాచీని తిప్పుతూ ఉంటే లోపలి చక్రాలకి అరుగుదలే తప్ప లాభం లేదు. వెళ్ళేముందు సర్వీసు కూడా దండగే. చేయించేదేదో తిరిగొచ్చాక చేయించుకోండి, ఎలాగూ రబ్బరు వాషర్లు అప్పుడు చూపించుకోవాలి. నీళ్ళు లోపలికి చొరబడవని తేల్చే ప్రెషర్ టెస్ట్ అయ్యేదాకా ఆ వాచీతో నీళ్ళ జోలికి వెళ్ళొద్దు.

దాచే పద్ధతి నేను ఇప్పుడు చేసేది చెప్తా. స్టీలు చెయిన్ లింకుల మధ్య చెమట జిడ్డు మెత్తటి బ్రష్‌తో తీసి, పూర్తిగా ఆరబెడతాను. తోలు పట్టీలు విప్పేస్తాను. ఒక్కోదాన్నీ ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, నాలుగువైపులా క్లిప్పులుండే గాలి చొరబడని వంటింటి డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెడతాను. కంపెనీ పెట్టెలు, వారంటీ కార్డులు, బిల్లులు వేరేచోట. ఇక్కడ ఒక సంగతి చాలామంది మర్చిపోతారు: డబ్బా మూసేటప్పుడు లోపల ఏ గాలి ఉందో అదే మూడేళ్ళూ ఉంటుంది. వానాకాలం మధ్యాహ్నం మూసి పెడితే ఆ తేమనే దాచుకున్నట్టు. గదిలో ఏసీ గంటసేపు నడిచాక మూయండి. తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొద్ది వందల్లో వస్తుంది, డబ్బాలో పడెయ్యండి, 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. సిలికా జెల్ బదులు బియ్యం పోయమని మా అత్తగారి సలహా. పిండి దుమ్ము, పురుగు తప్ప ఏమీ రాదు. నాఫ్తలిన్ అసలొద్దు, నా తోలు పట్టీకి ఆ వాసన ఆర్నెల్లయినా వదల్లేదు.

ఇక బీరువానా లాకరా అంటే, మూడేళ్ళు తాళం వేసిన ఇంటికంటే నా ఓటు లాకరుకే. కానీ గుడ్డిగా నమ్మకండి. 2022 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, ఉద్యోగి మోసం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు ఏడాది అద్దెకి 100 రెట్లు వరకే. అద్దె 3,000 అయితే 3 లక్షలు. మీ రెండు ఆటోమేటిక్‌ల విలువ అంతకంటే ఎక్కువే అయ్యుండొచ్చు. వరద లాంటి ప్రకృతి వైపరీత్యాలకి ఆ బాధ్యత కూడా లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా పిన్నిగారింట్లో బీరువా కింది అర మునిగిపోయింది. అందుకే లాకరు గది గ్రౌండ్ ఫ్లోరులో ఉందా, పైనా అని అడిగి మరీ తీసుకోండి. నేనైతే లాకర్లో కూడా ఆ డబ్బాతోనే పెడతాను.

వరుసగా మూడేళ్ళు అద్దె కట్టకపోతే లాకరు పగలగొట్టే హక్కు బ్యాంకుకి ఉంది, మీరు వెళ్ళేదీ సరిగ్గా మూడేళ్ళే. అద్దె ఖాతాలోంచి దానంతట అదే కోసుకునేలా పెట్టి, ఖాతాలో డబ్బుంచండి. లాకరు మీ అమ్మగారితోనో నాన్నగారితోనో జాయింటుగా తీసుకుంటే వాళ్ళు ఏడాదికోసారి, చలికాలంలో తెరిచి, సిలికా జెల్ రంగు మారితే మార్చగలరు. నారింజ రంగుది కొనండి, తడి పట్టాక ఆకుపచ్చకి తిరుగుతుంది, వీడియో కాల్‌లో కూడా తెలిసిపోతుంది. మూడింటి సీరియల్ నంబర్లు, బిల్లులు ఫోటోలు తీసి మీ దగ్గరే పెట్టుకోండి.

ఆ క్వార్ట్జ్ పట్టీ తోలుదా, స్టీలుదా మీరు రాయలేదు. తోలుదైతే దాన్ని దాచే శ్రమ పడకండి, వాచీ మాత్రం పెట్టి, వచ్చాక కొత్త పట్టీ వేయించుకోండి.