ఫోన్లో మాట్లాడుతూ ఆఫీసు నెట్‌వర్క్ బాగుచేయాలంటే

శిరీషా,

కంప్యూటర్ సపోర్ట్ ఉద్యోగంలో చేరావని మీ అమ్మ చెప్పింది. అవతలి వాళ్ళు "నెట్‌వర్క్ పోయిందండీ" అనగానే సెట్టింగుల్లోకి దూకకు. యూట్యూబ్ రావట్లేదా, ట్యాలీ తెరుచుకోవట్లేదా, ప్రింట్ పోవట్లేదా, అన్నిటికీ వాళ్ళు అనేది ఆ ఒక్క మాటే. అది తేలాక పక్క సీటు వాళ్ళకు పనిచేస్తోందా అని అడుగు. వాళ్ళకీ రాకపోతే ఈ కంప్యూటర్ని వదిలేసి మనిషిని నెట్‌వర్క్ స్విచ్ దగ్గరికి, అంటే కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి కలిసే డబ్బా దగ్గరికి పంపు, ఊడ్చేటప్పుడు దాని ప్లగ్ కదలడం నేను చాలాసార్లు చూశాను.

"కేబుల్ సరిగ్గా ఉందా?" అంటే కుర్చీలోంచి లేవకుండానే ఉందంటారు. అలా కాదు, "వెనక వైరు పెట్టినచోట లైటు ఏ రంగులో ఉంది, ఆరి వెలుగుతోందా?" అని అడిగితే వంగి చూడక తప్పదు. లైటు లేకపోతే వైరు తీసి, టక్కుమని వినపడేదాకా మళ్ళీ పెట్టించు. అప్పటికీ రాకపోతే పక్క కంప్యూటర్ వైరు తెచ్చి దీనికి పెట్టి చూడమను.

లైటు ఉంటే కమాండ్లు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిపించి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టించు, ఒక్కో అక్షరం చెబుతూ. నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ నంబరు, అంటే ఐపీ అడ్రస్, అందులో కనిపిస్తుంది. ఆ స్క్రీన్ ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకో, ఏదీ మార్చకముందే. అడ్రస్ 169.254తో మొదలైందంటే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచి ఏమీ అందక కంప్యూటర్ తనంతట తానే ఒకటి పెట్టుకుందన్నమాట, అప్పుడు రూటర్నీ, అక్కడిదాకా ఉన్న దారినీ చూడాలి. అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఆఫీసంతా 192.168.0లో ఉంటే దీనికొక్కదానికే 192.168.1 వచ్చిందనుకో, ఎవరో ఇంట్లో పాత వైఫై డబ్బా తెచ్చి స్విచ్‌కి తగిలించి ఉంటారు, అదీ అడ్రస్‌లు పంచేస్తూ ఉంటుంది. ఎవరు పెట్టారని అడిగితే ఒక్కరూ ఒప్పుకోరు, "ఈమధ్య కొత్తగా ఏమైనా పెట్టారాండీ" అని మామూలుగా కదుపు.

అడ్రస్ బాగానే ఉంటే ముందు గేట్‌వేకి (బయటి నెట్‌కి దారి ఇచ్చే రూటర్), తర్వాత ఆఫీసు ఫైళ్ళుండే సర్వర్‌కి పింగ్ చేయించు, అంటే పిలిస్తే పలుకుతోందో లేదో చూడు. సర్వర్ పలకనంత మాత్రాన అది ఆగిపోయిందనుకోకు, బయటినుంచి వచ్చేవాటిని అడ్డుకునే విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపడం మామూలే. విండోస్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ పబ్లిక్‌గా మారిపోయి ఉంటే ఫోల్డర్ల షేరింగ్ కూడా ఆగుతుంది, ప్రైవేట్ చేయించు. షేర్ చేసిన ఫోల్డర్ సర్వర్ పేరు కొడితే తెరుచుకోక, దాని ఐపీ కొడితే తెరుచుకుంటే తేడా ఆ పేరుకి అడ్రస్ వెతకడంలోనే.

మాటలతో కాదనిపిస్తే వాళ్ళ మొబైల్ నెట్‌ని వైరుతో కంప్యూటర్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ పెట్టించి, దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్‌తో లోపలికి వెళ్ళు. అలా వెళ్ళాక నెట్‌వర్క్ రీసెట్ మాత్రం నొక్కకు, నీ కనెక్షనూ తెగుతుంది, ఎవరో ఎప్పుడో చేత్తో పెట్టిన స్టాటిక్ ఐపీ (మారకుండా ఉండే అడ్రస్) కూడా పోతుంది. పని కాగానే టెథరింగ్ తీయించు. లేదంటే విండోస్ అప్‌డేట్లకి వాళ్ళ డేటా అయిపోయి, సాయంత్రం మళ్ళీ నీకే ఫోన్.

మీ బాబాయి